గంగమ్మ గుడిలో చుక్కాని

శాలివాహన శకం వెయ్యిన్ని రెండువందల ఎనభై, విలంబి నామ సంవత్సరం, శరత్కాలం. కృష్ణానది పాయ ఒకటి కడలిలో కలిసే చోట, సంగడిదీవి రేవులో తెరచాపలు కొంగలబారువలె నిలిచి ఉన్నాయి. కోట మీద తామరపురి మహారాజు ధ్వజం ఎగురుతోంది. ఏటిమొగ అవతల ఉత్తరపు శత్రురాజు ఓడలు వానలు వెనుకబట్టిన నాటినుండి కాచుకొని ఉన్నాయి. ఏరు కడలిలో పడే ఆ మొగ ఒక్క ఓడ పట్టేటంత ఇరుకు. దాన్ని కాపాడేవాడు దళవాయి ఎఱ్ఱపోతు.

ఆ ఉదయం రాజధాని నుండి ఏటివాలున ఒక పెద్ద ఓడ వచ్చింది. మంత్రి గుండమనాయకుడు, ఎఱ్ఱపోతు అక్క మగడు, నవ్వుతూ దిగాడు.

"ఏమోయ్ బావమరిదీ! ఉప్పుగాలికి ఎండుచేపవైపోయావు. దీవి చూసిపోదామని వచ్చాను. మీ అక్క అరిసెలు పంపింది."

"ముందు చుక్కాని, బావా. అరిసెలు తరువాత."

అది ఆ దీవి కట్టడి. అతిథి తన ఓడ చుక్కాని ఊడదీసి గంగమ్మ గుడిలో ఒప్పగించాలి. ఒప్పగించినవాడు తిరిగి వెళ్ళేదాకా వాడి ప్రాణానికి దీవి పూచీ. వాడి ఓడను ఎవరూ వెదకరాదు.

రేవులో ఓడవాళ్ళ పెద్ద, తండేలు వీరడు దళవాయిని సమీపించి మెల్లగా అన్నాడు: "అయ్యా, అరిసెలకే ఓడ అంత లోతుకు కుంగుతుందా? అక్కగారు పాకం ఇనుముతో పట్టారా ఏమిటి?"

ఎఱ్ఱపోతు కూడా చూశాడు. చూసి తల తిప్పుకొన్నాడు.

"చుక్కాని ఇచ్చినవాడి ఓడ వెదికితే రేపు మన రేవును ఎవరు నమ్ముతారు? పైగా అతడు నా అక్క మగడు."

సాయంకాలం కోటవారు విందులో ఉండగా, ఓడ అడుగున దాగిన శత్రుభటులు బయటపడి, మొగను కాచే బురుజు మీది కావలివారిని నరికి, దాన్ని పట్టుకొన్నారు. అవతలి ఓడలు తెరచాపలెత్తాయి.

"బావా, ఇది నీ పనేనా?"

గుండమనాయకుడు విస్తరి ముందునుండి లేవలేదు. "ఈ దీవికి నన్ను రాజును చేస్తామన్నారు. నువ్వు ఓడ వెదకవని వాళ్ళకు మాట ఇచ్చింది నేనే. నీ నీతిని నమ్ముకొని చెడినవాడు లేడు, బావమరిదీ. కత్తి దించు, బ్రతకనిస్తారు."

ఎఱ్ఱపోతు కత్తి ఎత్తి, గుడిలోని చుక్కాని తలచుకొని దించాడు.

"నీ ప్రాణానికి మేము పూచీ పడ్డాం. నీ ఓడకు ప్రాణం లేదు."

అతడు రేవుకు పరుగెత్తాడు, వెనుక వీరడు. కడలి పాటు మీద ఉంది, నీరు బయటికి లాగుతోంది. ఓడ ఎక్కి లంగరుతాళ్ళు నరకగానే, చుక్కాని లేని ఆ ఓడ నీటివాలున కొట్టుకుపోయి మొగకు అడ్డం తిరిగింది. బురుజు మీది బాణాలు వెన్నున దిగుతుండగా ఎఱ్ఱపోతు గొడ్డలితో దాని అడుగు బద్దలు కొట్టసాగాడు.

"వీరా, దూకు!"

"అయ్యా, మరి మీరు?"

"పొద్దున వెదకని ఓడ ఇది. ఇప్పుడు వెదుకుతున్నాను. పో!"

ఓడ ఎఱ్ఱపోతుతో సహా మునిగి మొగను మూసేసింది. శత్రువుల ఓడలు బయటే ఆగిపోయాయి. లోపల చిక్కిన భటులను దీవివారు తుదముట్టించారు. గుండమనాయకుడికి మాత్రం, కట్టడి ప్రకారం, చుక్కాని తిరిగి ఇచ్చి పడవ మీద పంపివేశారు. అతడు ముందుగా రాజధాని చేరి, ద్రోహి ఎఱ్ఱపోతే అని చెప్పాడు. రాజు నమ్మాడు.

మునిగిన ఓడ చుట్టూ ఇసుక మేట వేసింది. సంగడిదీవి రేవుకు మరి ఓడ రాలేదు.