మెడలో కప్ప

"నాకు కడుపునొప్పి. ఇవాళ బడికి వెళ్ళను," అంది మయివెన్, వెన్న రాసిన రొట్టెను కాఫీ గిన్నెలో ముంచుతూ.

"కడుపునొప్పి ఉన్నవాళ్ళు మూడో ముక్క తినరు," అంది తల్లి రోజెన్, బల్ల మీద పరిచిన బొమ్మల కార్డులకు రబ్బరు బ్యాండ్లు వేస్తూ. "లే, లే. బుధవారం సగం పూటే కదా బడి. రేపు ఇన్‌స్పెక్టరు వస్తోంది. కన్నకూతురే నా క్లాసు ఎగ్గొడితే ఊరంతా నవ్వుకుంటుంది."

పొయ్యి దగ్గర నిలబడ్డ కొరంటిన్ మనవరాలి వైపు చూసింది. "రాత్రి కలవరించింది పిల్ల. ఒంట్లో... వేడి... అదీ, ఉందేమో చూడు."

"జ్వరం అనమ్మా. వేడి ఏమిటి! ఆ మాట ఎన్నిసార్లు చెప్పాను నీకు?" అంది రోజెన్ తల ఎత్తకుండానే. కొరంటిన్ పాల గిన్నె దించింది. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు. ఫ్రెంచి మాట్లాడాలంటే ఇప్పటికీ గుమ్మం ముందు ఆగినట్టు ఒక్క క్షణం ఆగుతుంది. కూతురు ఆ క్షణం ఆగలేక తనే మాట పూర్తి చేస్తుంది. నలుగురిలో ఉన్నప్పుడూ అంతే.

ఫ్రెంచి తీరంలోని గిల్వినెక్ రేవు బడిలో ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్పేది రోజెనే. ఉన్నది ఒకటే సెక్షను కాబట్టి మయివెన్‌కు కూడా అమ్మే టీచరు. ఫ్రెంచి పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించడానికి ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా పడని పాట్లు లేవు. పాటలు పాడించింది. క్లాసులో ఉత్తుత్తి చేపల అంగడి పెట్టించింది. పిల్లలు చేపల పేర్లు ఇంగ్లీషులో చెప్పి, బేరం మాత్రం శుభ్రంగా ఫ్రెంచిలో ఆడుకున్నారు. రాక కాదు, పక్కవాడు నవ్వుతాడని సిగ్గు.

అందుకని ఈ ఏడు కప్పను తెచ్చింది. తాడుకు కట్టిన ఆకుపచ్చ గుడ్డ కప్ప. ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళను వెక్కిరించేది కప్పలు అనే కదా! క్లాసులో ఎవరి నోట ఫ్రెంచి ముక్క వస్తే కప్ప వాళ్ళ మెడలోకి వెళుతుంది. వాళ్ళు ఇంకొకరిని పట్టిస్తే ఆ మెడలోకి మారుతుంది. గంట కొట్టేసరికి అది ఎవరి దగ్గరుంటే వాళ్ళు బోర్డు తుడిచి, ఇంటి దగ్గర పది కొత్త మాటలు రాసుకు రావాలి. మూడు వారాలు తిరిగేసరికి క్లాసంతా ఇంగ్లీషులో కిచకిచలాడింది. హెడ్‌మాస్టరు మురిసిపోయి పై ఆఫీసుకు ఉత్తరం రాశాడు. రేపు ఇన్‌స్పెక్టరు వస్తున్నది ఆ కప్పను చూడటానికే. అది ఆవిడకు నచ్చితే జిల్లాలోని టీచర్లందరికీ రోజెన్ చేత శిక్షణ ఇప్పిస్తారట. రోజెన్ వారం రోజులుగా నేల మీద నడవడం లేదు.

మయివెన్ బడికి వెళ్ళింది. ఆమె పక్క సీటు మాత్రం ఖాళీగా ఉంది. అక్కడ కూర్చునే క్లెర్వి ఆ రోజు రాలేదు. పసిపిల్లల బడి నుంచీ ఆ పిల్లలిద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు.

మధ్యాహ్నం కొరంటిన్ అట్లు పోస్తోంది. గుడ్డు కొట్టి పోసిన మొదటి అట్టు మయివెన్ పళ్ళెంలో పడిందో లేదో, తలుపు దబదబా చప్పుడైంది. క్లెర్వి తల్లి అర్మెల్ వచ్చింది. చేపల వేలం షెడ్డులో పని మధ్యలో వచ్చినట్టుంది, రబ్బరు బూట్లు కూడా విప్పలేదు. రోజెన్, ఆమె ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు.

"మేడమ్‌గారు భోజనం చేస్తున్నారా? చెయ్యండి, చెయ్యండి," అంది అర్మెల్.

"ఏమిటే ఆ మేడమ్? లోపలికి రా. క్లెర్వి ఎందుకు రాలేదు?"

"ఎందుకు రాలేదా? ముప్పై తొమ్మిది డిగ్రీల జ్వరం, ఒళ్ళు కాలిపోతోంది. నిన్న బడి వదిలిన దగ్గర్నుంచి రేవులో వానలో నిలబడిందట నా పిల్ల. పడవలు ఒక్కొక్కటీ లోపలికొస్తుంటే లెక్కపెట్టుకుంటూ. వాళ్ళ నాన్న పడవ అన్నిటికంటే ఆఖర్న వచ్చింది. ఆయన దిగేసరికి ఇది తడిసి ముద్దయి ఉంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నాన్న పడవ తిరిగి రాలేదని ఎవరో చెప్పారట. ఎవరే అంటే నోరు విప్పదు. ఇంగ్లీషు క్లాసులో అని మాత్రం అంది. ఎవరు రోజెన్? మా ఇంట్లో అలాంటి మాట హాస్యానికి కూడా అనుకోమని నీకు తెలియదా?"

నిన్న ఆఖరి పీరియడు రోజెన్ కళ్ళ ముందు కదిలింది. గంట కొట్టడానికి ఒక నిమిషం ఉందనగా క్లెర్వి దిగ్గున లేచి ఫ్రెంచిలో "నాన్నా! నాన్న పడవ!" అని అరిచింది. క్లాసంతా ఘొల్లుమంది. కప్ప, కప్ప అని అందరూ వేళ్ళు చూపించారు. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది. తను చూసింది. చూసి కూడా, భలే నటిస్తోందే అనుకుని నవ్వుతూ స్వయంగా కప్పను తెచ్చి మెడలో వేసింది. పది మాటలు రాసుకు రమ్మని కూడా చెప్పింది.

చేతిలోని ఫోర్కు కింద పెట్టేసింది మయివెన్. "నేనే చెప్పాను," అంది.

"నువ్వా?" అర్మెల్ గొంతు సన్నబడిపోయింది. "నువ్వటే? సగం పూటలు నా చేతి ముద్ద తిని పెరిగావు కదే తల్లీ!"

"కప్ప నా మెడలో ఉంది. గంట కొట్టేస్తారని... టీచరు కూతురికే కప్ప పడిందని వాళ్ళంతా... వెంటనే ఉత్తుత్తినే అని చెప్పాను. నిజంగా చెప్పాను. అది వినలేదు."

అర్మెల్ గుమ్మం దాటుతూ రోజెన్ వైపు తిరిగి, "రేపు ఇన్‌స్పెక్టరమ్మకు ఇది కూడా చూపించండి మేడమ్‌గారూ," అనేసి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకోగానే రోజెన్ చెయ్యి లేచింది. "సిగ్గులేదటే నీకు? పడవ పోయిందని చెబుతావా? అబద్ధాలాడమని నేర్పానా నీకు?"

ఆ చెయ్యి మయివెన్ చెంపను తాకలేదు. కొరంటిన్ పట్టుకుంది. పిండి అంటిన చేత్తో గట్టిగా పట్టుకుంది.

"నేర్పావు. మెడలో అది వేసి, ఇంకొకరిని పట్టిస్తేనే తీస్తానంటే, అంతకంటే ఏం నేర్పాలి?"

"అమ్మా, నువ్వు మధ్యలో రాకు. అది ఆట. పిల్లలు నవ్వుకుంటూ ఆడుకునే ఆట. పాఠం చెప్పే పద్ధతుల గురించి నీకేం తెలుసు? ఫ్రెంచే నాలుగు ముక్కలు తిన్నగా రాని దానివి!"

అనేశాక రోజెన్‌కు తెలిసింది ఏమన్నదో. మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియలేదు. కొరంటిన్ కూతురి చెయ్యి వదిలేసి, పొయ్యి కట్టేసి, కుర్చీలో కూర్చుంది.

"తిన్నగా రాదు, నిజమే," అంది. "మా మెడల్లో ఆవును వేసేవారు."

ఆవు సంగతి ఈ వైపు ఎవరికి తెలియదు? తాతల కాలంలో బడిలో ఫ్రెంచి కాకుండా ఇంటి భాష బ్రెటన్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్క వేలాడదీసేవారు. దానికి ఆవు అని పేరు. ఆ చెక్కను రోజెన్ మ్యూజియంలో అద్దం వెనక చూసింది, అయ్యో పాపం అని కూడా అనుకుంది. కానీ తన కప్ప మెత్తగా ఉంటుంది, నవ్వు మొహంతో ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఆవిడకు ఏనాడూ తోచలేదు. ఇంత చదువుకున్న మనిషికి!

"మీ బడిలో అలాంటివి లేవన్నావు కదమ్మా," అంది నెమ్మదిగా.

"అబద్ధం చెప్పాను. ఏం చెప్పమంటావు? ఎవరికి వేయించానో కూడా చెప్పమంటావా?" కొరంటిన్ ఈసారి మాటల కోసం ఆగలేదు. "యుద్ధమైపోయిన మరుసటేడు. నాకు ఏడేళ్ళు, చెల్లి లియోనీకి అయిదు దాటాయి. దానికి అది బడిలో మొదటి వారం. ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. ఆవు పొద్దున్నుంచీ నా మెడలో ఉంది. సాయంత్రానికి అలాగే ఉంటే మరుగుదొడ్లు కడగాలి, ఇంటికెళ్ళాక మా నాన్న చేతిలో బెల్టు. అందరూ జాగ్రత్తగా నోరు మూసుకున్నారు, ఒక్కరు దొరకలేదు. అప్పుడు చెల్లి కనిపించింది. గోడ పక్కన ఒక్కతే కూర్చుని ఉంది. నా రొట్టె ముక్క తీసి దాని చేతిలో పెట్టాను. ఏమీ మాట్లాడలేదు నేను. అది నా మొహం చూసి నవ్వింది. ఎంతో మర్యాదగా, అమ్మ నేర్పినట్టు, థాంక్స్ అక్కా అంది. దానికొచ్చిన భాషలో. నేను వెంటనే టీచరుగారిని పిలిచాను."

మయివెన్ ఏడుపు ఆపి వింటోంది.

"మళ్ళీ దాని మెడలోంచి ఆవు దిగనే లేదు. ఇంకొకరిని పట్టించాలంటే టీచరుగారికి ఫ్రెంచిలో చెప్పాలి కదా, అది దానికి రాదు. ఆ చలికాలమంతా అదే మోసింది. ఆఖరికి మాట్లాడటమే మానేసింది."

లియోనీ పిన్ని! రోజెన్‌కు గుర్తున్న లియోనీ పిన్ని పండక్కి వచ్చినా ఓ మూల కూర్చునేది, పలకరిస్తే తల ఊపేది. సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పని చేసి, పెళ్ళి లేకుండానే కన్నుమూసింది, రెండేళ్ళ కిందటి చలికాలంలో. ఆవిడకు బుర్ర కాస్త తక్కువని చిన్నప్పుడు అందరితో పాటు రోజెనూ అనేది.

"రేపు చెబుదాం, రేపు క్షమించమందాం అనుకున్నాను," అంది కొరంటిన్. "అలా అరవై మూడేళ్ళు అనుకున్నాను. మీరు రేపనకండి. లేవండి. ఇప్పుడే వెళ్ళండి."

ముగ్గురూ కారెక్కారు. బల్ల మీద అట్టు చల్లారిపోయింది.

అర్మెల్ తలుపు తీసింది కానీ లోపలికి రమ్మనలేదు. రోజెన్ గుమ్మం బయటే నిలబడి చెప్పింది. "తప్పు మయివెన్ ఒక్కదానిదే కాదు. ఆ రూలు పెట్టింది నేను. నీ కూతురు భయంతో అరుస్తుంటే నవ్వింది కూడా నేనే. దాని మొహం చూశాను అర్మెల్. చూసి కూడా నవ్వాను."

అర్మెల్ పక్కకు జరిగింది.

క్లెర్వి సోఫాలో మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. స్నేహితురాల్ని చూడగానే గోడవైపు తిరిగింది. గోడవైపు నుంచే ప్రశ్న వచ్చింది.

"నేను భయపడతానని నీకు తెలుసా? చెప్పేటప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"అందుకే చెప్పాను. ఇంకేం చెప్పినా నువ్వు అరిచేదానివి కాదని."

రోజెన్ కళ్ళు మూసుకుంది. ఆ జవాబులో అబద్ధం లేదు. అబద్ధమైతే బాగుండునని అనిపించింది.

"పద్నాలుగు పడవలు వచ్చాయి," అంది క్లెర్వి. ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాన్నది పదిహేనోది. పద్నాలుగోది వచ్చాక సముద్రం మీద ఇంకేమీ కనిపించలేదు."

"క్షమించు క్లెర్వి. క్షమించవా?" మయివెన్ వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏమో. నాకింకా కోపంగానే ఉంది. నేను బడికొచ్చాక నీ పక్కన కూర్చోను."

"ఎన్నాళ్ళు?"

"ఏమో అంటున్నానా! చెబుతాలే."

అంతకంటే ఏమీ దొరకలేదు. గుమ్మం దాకా వచ్చిన అర్మెల్ అడిగింది, "రేపు ఇన్‌స్పెక్టరమ్మకు ఏం చూపిస్తావే?" అని. మేడమ్ అనలేదు.

"కప్ప ఉండదు. ఎందుకు లేదో చెబుతాను. ఆ శిక్షణ, అదీ పోతే పోనీ."

రేవు దాటాక మయివెన్ వెనక సీట్లోంచి ముక్కు ఎగబీల్చింది. "అది నా పక్కన కూర్చోనంది అమ్మమ్మా."

"కూర్చోనని నీ మొహం మీదే చెప్పింది కదా. అదృష్టవంతురాలివి. లియోనీ నన్ను ఒక్క మాట అనలేదు." కొరంటిన్ కిటికీలోంచి బయటకు చూస్తూ అంది. తర్వాత ఎవరూ అడగకుండానే మళ్ళీ మొదలుపెట్టింది. "ఆస్పత్రిలో ఆఖరి రోజు అది నోరు తెరిచి ఏదో అడుగుతోంది. నర్సుకు అర్థం కాలేదు. ఇది ఏ భాషండీ అని నన్నడిగింది. నాకు తెలుసు. అది నీళ్ళడుగుతోంది. అక్కా, దాహం అంటోంది. అన్నేళ్ళ తర్వాత అది మా భాషలో నన్ను అక్కా అని పిలిచింది. నేను నీళ్ళు పట్టాను. కానీ ఫ్రెంచిలో మాట్లాడాను. తాగు లియోనీ, మెల్లగా తాగు అని ఫ్రెంచిలో అన్నాను. నర్సు పక్కన నిలబడి ఉంది. ఆ పిల్ల వింటుందని సిగ్గుపడ్డాను రోజెన్! చచ్చిపోతున్న చెల్లికి జవాబు చెప్పడానికి సిగ్గుపడ్డాను!"

రోజెన్ కారును రోడ్డు పక్కకు తీసి ఆపేసింది. తల్లి తనకు ఏనాడూ ఒక జోలపాట పాడలేదని, ఒక కథ చెప్పలేదని నలభై మూడేళ్ళుగా ఆమెకు లోపల్లోపల ఒక కినుక ఉండేది. అమ్మ దగ్గర తక్కువైంది ప్రేమ అనుకుంది. తను సరిదిద్దిన ప్రతి మాటా ఇప్పుడు వచ్చి ఆమె మీదే పడింది.

"ఏమని చెప్పాలనుకున్నావమ్మా పిన్నితో? ఇప్పుడు చెప్పు. నాకు చెప్పు."

"నీకు ఆ భాష రాదు కదే."

"రాకపోతే రాకపోనీ. నేను వింటాను."

కొరంటిన్ పెదవులు కదిలాయి, ఆగాయి. మొదట ఒక మాట వచ్చింది. కొంచెం ఆగి ఇంకొకటి వచ్చింది. ఆ తర్వాత ఆపడం ఆవిడ వల్ల కాలేదు. గొంతే మారిపోయింది. గుమ్మం ముందు ఆగడం, తడబడటం ఏమీ లేవు. చేతులు కూడా మాట్లాడుతున్నాయి. ఒకసారి నవ్వింది, నవ్వుతూనే కొంగు లాంటి శాలువా అంచుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ మొదలుపెట్టింది. ఇంత మాటకారి తన తల్లి అని రోజెన్‌కు ఇంతవరకూ తెలియదు.

ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు రోజెన్‌కు. లియోనీ పేరు రెండుసార్లు వినిపించింది. చివర్లో తన పేరు కూడా వినిపించింది. ఆ పేరును తల్లి ఇంత చనువుగా పలకడం ఆమె ఎన్నడూ వినలేదు. మధ్యలో అడ్డం వెళ్ళకుండా, ఏమీ సరిదిద్దకుండా, ఏడుస్తూ ప్రతి మాటకూ తల ఊపుతూ కూర్చుంది.