గోడాదరా కార్ఖానా మీది ఆకుపచ్చ గీత

సూరత్‌లోని గోడాదరాలో మూతబడ్డ ఆ సాంచాల కార్ఖానా, అంటే మరమగ్గాల కార్ఖానా, ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. చుట్టు తిరిగైనా పోతారు గానీ ఆ గల్లీలో అడుగు పెట్టరు. రెండేళ్ల కింద అక్కడ అగ్గి పుట్టి నలుగురు కాలిపోయారు. నలుగురూ నేతపనికి వలసొచ్చిన మన తెలుగువాళ్లే.

ఆ చెడ్డపేరు చాలదన్నట్టు, దీపావళి దాటాక ఇంకోటి మొదలైంది. రాత్రి పదకొండయితే చాలు, డాబా మీంచి ఆకుపచ్చ గీత ఒకటి లేచేది... నిటారుగా, చప్పుడు లేకుండా, ఆకాశంలోకి.

"పానాలు పైకి పోలేక కొట్టుకుంటున్నయ్," అనుకున్నారు గల్లీవాళ్లు. తలుపులు బిగించుకున్నారు.

బాలవ్వ బిగించుకోలేదు. ఆ నలుగురిలో ఒకడు ఆమె మొగుడు సోమలింగం.

డాబా తలుపు తెరిచే ఉందనీ, తాగి పడుకున్నందువల్లే వాళ్లు లేవలేకపోయారనీ కార్ఖానా యజమాని సేఠ్ పోలీసులకు రాసిచ్చాడు. బాలవ్వ నమ్మింది. సోమలింగం తాగుతాడన్నది అబద్ధం కాదు మరి. దినాల నాడు కూడా ఏడవలేదామె, తిట్టింది. ఫొటోకు ఒక్కనాడూ దండ వెయ్యలేదు.

ఆ రాత్రి, మొగుణ్నే అడిగి తేల్చుకుందామనే బయల్దేరింది.

గేటు ఓరగా తీసి ఉంది. లోపల మసి వాసన ఇంకా పోలేదు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. మూడో అంతస్తు దాటేసరికి పైన ఏదో... టకటక టకటక — ఆగకుండా. సాంచా ఆడుతున్నట్టే!

అయినా ఆగలేదు.

"ఏమయ్యా..." గుసగుసగా పిలిచింది. "తలుపు తెరిచుండంగ ఎందుకు రాలే నువ్వు?"

పైన డాబా ఇనుప తలుపు కిర్రుమంది. తెల్లటి ఆకారం... కళ్లుండాల్సిన చోట రెండు ఎర్రటి బిళ్లలు —

బాలవ్వ గోడకు అతుక్కుపోయింది.

"కౌన్ హై?... అరే, తెలుగువాళ్లా ఆంటీ?"

ఆకారం కళ్లద్దాలు తీసింది. దుప్పటి కప్పుకున్న ఆడపిల్ల. పేరు మౌక్తిక, తెలుగు పిల్లే, సూరత్‌లోనే పుట్టి పెరిగిందట. డాబా మీద ఏదో పరిశోధన చేస్తోందట.

"దెయ్యం కాదు ఆంటీ, లేజర్. ఆ టకటక దాని మిషన్‌దే. పద్నాలుగు కిలోమీటర్ల పైన మంచు మబ్బులుంటాయి, కంటికి ఆనవు. ఈ వెలుగు వాటికి తగిలి వెనక్కొస్తే ఎంత ఎత్తున్నాయో తెలుస్తుంది. చలికాలం ఒకలా ఉంటాయి, వానలప్పుడు ఒకలా. అందుకే ఏడాదంతా చూడాలి."

"మంచా? ఈ సూరత్ మీదనా?"

"మన నెత్తి మీదే."

"కింద మావోళ్లు బొగ్గయితుంటే... పైన మంచున్నదా బిడ్డా!"

మౌక్తికకు అప్పటికి అర్థమైంది. తలుపు వైపు చూసింది. చెప్పాలా వద్దా అని కాసేపు నలిగింది.

"ఆంటీ... మేం వచ్చినప్పుడు ఈ తలుపు తెరుచుకోలేదు. బయట వైపు పాత తాళం, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పక్క డాబా మీంచి దాటొచ్చి కోయించాల్సొచ్చింది. పనివాళ్లు బట్ట దొంగతనంగా పైనుంచి దాటిస్తారని సేఠ్ ఎప్పుడో, మంటలు రాకముందే వేయించాడని వాచ్‌మన్ అన్నాడు."

బాలవ్వ పిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కుని తలుపు లోపలివైపు వెలుగు కొట్టింది.

మసిలో చేతి గుర్తులు. ఒకదాని మీద ఒకటి... అరచేతులు, పిడికిళ్లు, గోళ్ల గీతలు.

ఒక అరచేతికి చిటికెన వేలు లేదు. సోమలింగానికి ఆ వేలు పెళ్లికి ముందే, సిరిసిల్లలోనే సాంచాలో పోయింది.

"వచ్చినవా..." అంది బాలవ్వ. "ఈడిదాంక వచ్చినవా నువ్వు?"