గుర్తు చుట్టూ రెండడుగులు

ఢాం!

చెవి పక్కనున్న చెట్టు బెరడు లేచిపోయింది.

ఆమె ఆగలేదు. భయపడాలని తెలుసు. భయం మాత్రం రావడం లేదు.

పరిగెడుతోంది...

చీకటి ఇప్పుడిప్పుడే పడింది. పొగమంచు దానికంటే ముందే దిగేసింది. ముందు ఒక ఆకారం ఉరుకుతోంది. నల్ల రెయిన్‌కోటు, మొహం మీదికి లాగిన టోపీ, భుజాన సంచి. సంచిలోంచి కీ... కీ... అని డేగ పిల్లల అరుపు.

గూట్లోంచి ఎత్తుకుపోతున్నాడు.

ఆమె ఈ కొండకు గార్డు. చేతిలో టార్చ్, మెడలో విజిల్, నడుముకి వాకీటాకీ. తుపాకీ లేదు. ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

ఈ గూళ్ళను కాపలా కాస్తూనే ఆమె భర్త పోయాడు. కొండ వెన్ను మీద చివరి మలుపు దగ్గర లోయలో పడ్డాడు. కాలు జారిందన్నారు. 'కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం' అని ఎవరైనా అంటే ఆయన నవ్వేవాడు. "మా కొండ మీద రెండూ తీసుకోలేం" అనేవాడు. అలాంటి మనిషి జారాడట.

ఆమె ఏడవలేదు. అత్తగారు భుజాలు పట్టి కుదిపినా ఏడవలేదు. రాయిలా ఉందని చాటుగా అనుకున్నారు. నిజమే. అన్నం రుచి తెలియడం లేదు, చలి తెలియడం లేదు. తెలుసుకోవాల్సింది ఒక్కటే.

ఆయన ఎలా పోయాడు?

ఆ జవాబు ఆ రెయిన్‌కోటు దగ్గరుంది.

వాకీటాకీ గరగరలాడింది.

"అమ్మాయ్... ఎక్కడున్నావు?"

బావగారు. భర్తకు అన్న, గార్డులందరికీ పెద్ద. ఈ కొండ మీద నడవడం ఆమెకు నేర్పింది ఆయనే.

"కొలను దాటాను బావగారూ. వాడు నా ముందే ఉన్నాడు. కాలుస్తున్నాడు."

"వెంటపడకు తల్లీ. ఆగు... కదలకు. నేను గేటు నుంచి వస్తున్నా."

రొప్పుతున్నాడు. పాపం, ఆ వయసులో, ఆ పొట్టేసుకుని కొండ కింది నుంచి ఎక్కివస్తున్నాడు అనుకుంది.

ఆగలేదు.

చెట్లు అయిపోయాయి. ఇక ఉత్త బండ. బండ మీద కాలిబాట కనిపించదు. అందుకే గార్డులు రాయి మీద రాయి పేర్చి నడుమెత్తు గుర్తులు నిలబెడతారు. పొగమంచులో ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకి నడవాలి. బావగారు మొదటి రోజే రెండు సంగతులు చెప్పాడు. పైరాయి పడిపోయి ఉంటే, పెట్టకుండా ముందుకి పోకూడదు. గుర్తు చుట్టూ రెండడుగులు ఎటైనా గట్టి నేలే ఉండాలి. అలసినవాడు దాని పక్కన పడి నిద్రపోయినా, పొద్దున లేచి ఇంటికెళ్ళాలి.

మొదటి గుర్తు... దాటింది.

రెండోది... దాటింది.

మూడోదాని దగ్గర కాళ్ళు వాటంతట అవే ఆగాయి.

పైరాయి ఉంది.

ఉండకూడదు!

మధ్యాహ్నం ఈదురుగాలికి పైరాళ్ళన్నీ పడిపోయాయి. కింద నుంచి బైనాక్యులర్స్‌లో ఆమే చూసింది. గాలి తగ్గాక రేపు పెడదాంలే అనుకుంది.

టార్చ్ వేసింది. రాయి అడుగున ఉండాల్సిన తడి మట్టి పైన ఉంది. ఇప్పుడే ఎవరో ఎత్తి పెట్టారు. ప్రాణం కోసం పరిగెడుతున్న దొంగ... ఆగి మరీ రాయి పెట్టాడు!

రాయి కొస దారివైపు తిరిగి ఉంది. అలా ముక్కు తిప్పి పెట్టే మనిషి ఈ కొండ మీద ఒక్కడే. "మా అన్నయ్య పోయేటప్పుడు కూడా ముక్కు తిప్పే పోతాడు" అని భర్త వెక్కిరించేవాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి ఆమెకు తెలియదు. రాళ్ళ సంగతి తెలుసు.

బటన్ నొక్కింది.

"బావగారూ, నా వల్ల కాదు. వెనక్కి వెళ్ళిపోతున్నా."

ముందు అడుగుల చప్పుడు ఆగింది.

"మంచి పని చేశావు తల్లీ."

వాకీటాకీలో రొప్పు తగ్గింది. అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి పరుగు కాదు. నింపాదిగా నడక.



ఎడమ పక్క బండల మధ్య చీలిక ఉంది. ఒళ్ళు పక్కకి తిప్పితేనే మనిషి పడతాడు. బావగారి పొట్టకి పట్టదు, ఆయన చుట్టూ తిరిగి రావాల్సిందే. ఆమె టార్చ్ ఆర్పి దూరింది. మోచెయ్యి గీరుకుంది. రక్తం వెచ్చగా తగిలింది, అంతే.

బయటపడితే చివరి మలుపు. భర్త పడిన చోటు. ఆ రోజు తర్వాత ఆమె ఇటు రాలేదు.

గుర్తు నిలబడే ఉంది. పైరాయి మాత్రం కింద పడి ఉంది. ఆమె వంగి అడుగురాళ్ళు తడిమింది. ఏళ్ళ తరబడి కదలని రాళ్ళు. పాచి పైవైపు ఉండాలి...

కిందవైపు ఉంది.

ఎవరో ఈ గుర్తుని మొత్తం విప్పి, మళ్ళీ కట్టారు.

ఆయన జారలేదు. పొగమంచులో గుర్తుని నమ్మి నడిచాడు. ఆ రోజు గుర్తు ఇక్కడ లేదు.

ఆమె చేతులు పని మొదలుపెట్టాయి. వద్దని తల చెప్పలేదు, చెయ్యమనీ చెప్పలేదు. రాయి తర్వాత రాయి... లోయ అంచుకి.

పైరాయిని పక్కన పడేసి, బండ చాటున కూర్చుంది.

అడుగులు వచ్చాయి. ఆగాయి.

"ప్చ్" అన్నాడు బావగారు.

తుపాకీ కింద పెట్టాడు. సంచి దించాడు. రెండు చేతులతో పైరాయి ఎత్తి పెట్టి, ముక్కు తిప్పాడు.

వెనక నుంచి ఆమె తుపాకీ అందుకుంది. టార్చ్ ఆయన కళ్ళలోకి కొట్టింది.

"ఆయన జారలేదు కదా బావగారూ."

బావగారు ఉలిక్కిపడ్డాడు. కాసేపటికి భుజాలు దించేశాడు.

"సొంత తమ్ముడు తల్లీ. ఎంతో చెప్పాను. చూసీ చూడనట్టు ఊరుకోరా అన్నాను. పోలీసులకి చెప్తానన్నాడు." కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఒక్కరోజుకే జరిపాను. మర్నాడే ఉన్నచోట పెట్టేశాను."

అప్పు తీర్చేసినవాడిలా చెప్పాడు.

ఆయన గుర్తు చాటుకి జరుగుతున్నాడు. తుపాకీకి అడ్డం.

"కదలకండి. గుర్తు దాని చోట లేదు. నేను జరిపాను."

ఆ మాట ఎందుకు నోట్లోంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

ఆయన నవ్వాడు.

"నువ్వా? ఆ పాపం నేను చేయగలను. నువ్వు చేయలేవు. నీకు నేర్పింది నేనే కదా."

ధీమాగా, గుర్తు వెనక్కి ఒక్క అడుగు వేశాడు.

అక్కడ మనిషి లేడు.

అరుపు లేదు. రాళ్ళు దొర్లిన చప్పుడు... కొమ్మలు విరిగిన చప్పుడు... తర్వాత ఏమీ లేదు.

ఏడుపు వస్తుందేమోనని ఆమె కాసేపు చూసింది. రాలేదు.

సంచి భుజానికి తగిలించుకుంది. గుర్తుని విప్పింది. ఒక్కో రాయీ మోసుకొచ్చి పాత చోట కట్టింది. ఈసారి పాచి పైకి. పైరాయి ఒక్కటే మిగిలింది.

నడుము దగ్గర గరగర!

"అమ్మాయ్... చెట్టులో ఇరుక్కున్నా... కొమ్మ విరుగుతోంది... తాడు వెయ్యి తల్లీ..."

ఆమె వాకీటాకీ నోటి దగ్గరికి తెచ్చుకుంది. సంచిలో పిల్లలు నిద్రపోయినట్టున్నాయి.

"ఆగండి బావగారూ. కదలకండి. నేను గేటు నుంచి వస్తున్నా."

పైరాయి ఎత్తి పెట్టింది. ముక్కు దారివైపు తిప్పింది.