నత్తకొంగ నిలబడ్డ చోటు

తాటాకు మీద తాత గీసిన పిట్ట ఒక్కటే వాళ్లకు దారి. వరద వచ్చిన ఏడాది అమ్మవారి వెండి ముఖాన్ని ఊబి అవతలి గుహలో దాచి, "ఈ పిట్ట నిలిచిన చోటే అడుగెయ్యండి" అని చెప్పి కన్నుమూశాడాయన. రేపు ఊరంతా మెట్ట మీది కొత్త చోటుకు తరలిపోతోంది. తనవాళ్లను ఎంతమందినో కాటికి సాగనంపిన రాజులమ్మకు అమ్మవారిని కూడా వదిలి వెళ్లడానికి మనసొప్పలేదు. తమ్ముడు సింగులునూ, మొగుడు పోతన్ననూ వెంటబెట్టుకుని అడవి పట్టింది.

మిట్టమధ్యాహ్నం వెదురు పొదలు చీల్చుకుని బయటపడేసరికి ఎదురుగా నల్లటి ఊబి, దాని వెనక గుహ. ఎడమపక్క బురద మీద ఉల్లంకి పిట్టలు గుంపుగా పరుగులు తీస్తున్నాయి. కుడిపక్కన నీళ్లు.

"పొట్టి కాళ్లు! తాత గీసింది వీటినే," అన్నాడు సింగులు.

"మరి బొమ్మలో ముక్కు మధ్యన ఆ సందేంట్రా?" తాటాకు చూపించింది రాజులమ్మ.

"గంటం జారుంటదిలే. నీకు తాటాకు చూసినా భయమేనా అక్కా!"

ఆమె చెయ్యి పట్టుకునేలోగా దూకేశాడు. నాలుగడుగులు బాగానే పడ్డాయి. అయిదో అడుగుకు నడుందాకా దిగబడిపోయాడు.

"కదలకురా! చేతులు చాపి వెనక్కి వాలు!" పోతన్న వెదురు నరికి చాచాడు. మూరెడు దూరంలో ఆగిపోయింది.

రాజులమ్మ గుండె చిక్కబట్టుకుని చుట్టూ చూసింది. కుడిపక్క నీళ్లలో బూడిదరంగు కొంగ ఒకటి నత్తను పైకి తీసింది. గుటకేసి ముక్కు మూసింది. మూసినా ముక్కు మధ్యలో సందు! తాత పిట్టలకు ఉచ్చులు పన్నేవాడు. గడ్డిలో బోర్లా పడుకుని, నీటి పైన కనబడిందే గీశాడు. కాళ్లలో మిగతా సగం నీళ్లలో ఉంది!

"మావా, నత్తకొంగ! అంత బరువైన పిట్ట నిలబడిందంటే అడుగున బండ ఉంది!"

నీళ్లలోకి దూకింది. కొంగ లేచి అవతల వాలింది. పిక్కలోతు నీరు, కాలి కింద గట్టి రాయి. ఆ బండ వంపు తిరిగి సింగులు పక్కగానే గుహకు పోతోంది. పోతన్న కూడా దిగి అక్కణ్ణించి చాచేసరికి వెదురు సింగులుకు అందింది. ఇద్దరూ పళ్లబిగువున లాగారు.

"అక్కా... అమ్మవారి ముఖం?"

"ముందు నీ ముఖం కడుక్కోరా, దెయ్యంలా ఉన్నావు!" అంటూనే వాణ్ణి గుండెకు హత్తుకుని ఏడ్చేసింది.

గుహలో గబ్బిలాలు గుప్పున లేచాయి. మూలనున్న కుండలో, ఊక మధ్య అమ్మవారు నల్లబడి ఉంది. రాజులమ్మ కొంగుతో తుడిచేసరికి వెండి కళ్లు తళుక్కుమన్నాయి.

దారి చూపినవాళ్లకు ముందు తిండి పెట్టాకే తమ సద్ది విప్పడం వాళ్లింటి ఆచారం. తిరుగుదారిలో సింగులు వంగి, దోసెడు నత్తలు ఏరి బండ మీద పోశాడు. ముగ్గురూ గట్టెక్కారు. రాజులమ్మ ఇద్దరినీ ఒకసారి తడిమి చూసుకుని, కొంగ తిరిగొచ్చి ఆ నత్తల మీద వాలాకే సద్దిమూట ముడి విప్పింది.