పదిహేడో పువ్వు

ఇట్లా దగ్గరికి జరుగు బిడ్డా, ఆ ఫోను బోర్లా పెట్టు. మన సోలాపూర్ మగ్గాల వాడలో ఈ మధ్యే జరిగిన సంగతి. చెవి ఇటు పెట్టి విను, మధ్యలో లేచి వెళ్లావంటే దొంగ దొరకడు.

కొంతం చౌక్‌లో దుప్పట్లు, చద్దర్లు అమ్మే దుకాణం మీద ఒక ఇరుకు గది ఉంది. అక్కడ మంగళ డిటెక్టివ్ పని చేస్తుంది. ఇరవై ఏళ్లు చద్దర్ల కార్ఖానాలో నేత తప్పులు పట్టిన మనిషి. కార్ఖానా మూతపడ్డాక మనుషుల తప్పులు పట్టడం మొదలుపెట్టింది. ఆమె దగ్గర సహాయకురాలు శ్రావణి. మంగళక్క కళ్లు తన తల్లో ఉంటే ఎంత బాగుండేదో అని రోజుకు నాలుగుసార్లు అనుకునే పిల్ల.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి వినాయక్ మెట్లెక్కి వచ్చాడు. మగ్గం పని వాడు, పేకముక్కల గారడీలో కూడా పేరున్నవాడు. కుర్చీ చూపిస్తే కూర్చోడు. చేతుల్లో ఏమీ లేకపోయినా వేళ్లు ముక్కలు కలుపుతూనే ఉన్నాయి.

"అక్కా, ఐదు గంటలకు నన్ను దొంగ అంటరు."

"ఎవరంటరు? ఏం దొంగతనం?"

"మల్లేశం మామ. గారడోళ్ల మేళాకు ఎవరి ఆట పనికొస్తదో ఆయనే చూస్తడు. ఇంట్ల పది మంది ముందు ఎట్లుంటది, స్టేజీ మీద ఎట్లుంటది, రెండూ చూసి కాయితం రాస్తడు. పొద్దుగాల నేను ఆడి చూపించిన. ఆయన మొఖం మాడిపోయింది. 'ఇదే ఆట భరత్ నిన్ననే చూపిచ్చిండు' అన్నడు."

"భరత్ ఎవరు?"

"నా దోస్తు. పక్క మగ్గం. ఐదింటికి ఇద్దర్నీ రమ్మన్నడు. దొంగ అని తేలినోడు జిందగీల మేళా స్టేజీ ఎక్కడు. రెండేండ్లు పట్టింది అక్కా, ఆ ఆట కట్టనీకి."

"ఆట ఎట్ల చేస్తవ్?"

"అది అడగొద్దు. చెప్తే ఆటే పాయె."

"మంచిగుంది. తాళంచెవి ఇయ్యకుంట తాళం తియ్యమంటవ్," అని మంగళ చెప్పులేసుకుంది. శ్రావణి అప్పటికే ఫోన్లో గంట ఎంతైందో చూసింది. రెండు దాటి పది నిమిషాలు.

భరత్ ఇల్లు విడీ ఘర్కుల్‌లో, బీడీ కార్మికుల కాలనీలో. గడపలో వాళ్లమ్మ అంజమ్మ చాటలో ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుడుతోంది. కరెంటు లేదు. భరత్ నవ్వుతూ లోపలికి పిలిచాడు, నవ్వు మాత్రం కళ్లదాకా రాలేదు. బల్ల మీద ఒక గుడ్డ పరిచాడు. గుడ్డ అంచు చుట్టూ చిన్న చిన్న పూలు: రెండు ఎరుపు, రెండు నలుపు, మళ్లీ రెండు ఎరుపు, రెండు నలుపు. దాని మీద జానెడు పొడుగున్న పెద్ద పేకముక్కలు పెట్టాడు.

శ్రావణి పేక కోసి ఒక ముక్క తీసింది. భరత్ క్షణం తల దించి ఎత్తాడు. "కళావరు తొమ్మిది." సరిగ్గా అదే. ఆమెకు ఒళ్లు జల్లుమంది.

మంగళ ముక్కలు చూడనే లేదు. గుడ్డ అంచు మీద వేలు పెట్టి ఒక్కో పువ్వు దాటుతోంది. ఏడు రెక్కలున్న పదిహేడో పువ్వు దగ్గర వేలు ఆగింది. "ఈడ ఎరుపు రావాలె గద? నలుపు నేసినవేంది?"

"డిజైనే అట్ల. నేనే గీసుకున్న."

"దారం తెగిందేమో అనుకున్న."

"నా నేతల ఒక్క ముడి చూపియ్యి అక్కా, మగ్గం దిగుత!" అని భరత్ గుడ్డ తిరగేసి పరిచాడు. నిజమే, అడుగున అద్దంలా ఉంది.

అంజమ్మ బీడీ కట్ట కడుతూ అంది: "నేత వానిది, అంచు కుట్టుడు నాది. వినాయక్ గుడ్డ గూడ నేనే మిషన్ మీద కుట్టిన. నాలుగు దినాలు ఈడనే ఉండె."

"అమ్మా, చాయ్ పెట్టు పో!"

"పొద్దున్నించి నాలుగు చాయ్‌లు తాగినవ్, కడుపా కుండనా?"

అంతలో కరెంటొచ్చి పంకా గిర్రున తిరిగింది. పెద్ద ముక్కలు నేలంతా చెదిరిపోయాయి. భరత్ కంగారుగా వంగాడు, శ్రావణి కూడా ఏరింది. వీధిలోకి వచ్చాక ఆగలేక చెప్పేసింది: "అక్కా, ఇస్పేటు ఏడు రెండు చూసిన. ఖరే, నిజంగ రెండు!"

మంగళ నడక ఆపింది. "ఆఠీను ఏడు కనబడ్డదా?"

"నా చేతికైతే రాలే."

"నడువ్. వినాయక్ గుడ్డ ఒక్కసారి ముట్టుకుంటే చాలు." దారి పొడుగునా శ్రావణికి కాళ్లు నిలవలేదు. ఆటో ఆగినచోటల్లా గంట చూసుకుంది.

ఐదింటికి హోట్గి రోడ్‌లో మల్లేశం ఇంటి ముందుగదిలో అందరూ చేరారు. ముసలాయన ముందు రెండు గడులు గీసిన కాగితం ఉంది: ఇల్లు, స్టేజీ. వినాయక్ గోడకు ఆనుకొని నిలబడ్డాడు. భరత్ కుర్చీలో కాలు ఊపుతున్నాడు. మంగళ రెండు గుడ్డలూ పక్కపక్కన పరచమంది.

"మల్లేశం మామా, ఈ రహస్యం ఈ గది దాటొద్దు. వినాయక్, నన్ను మాఫ్ చెయ్యి, చెప్పక తప్పదు." వినాయక్ కళ్లు మూసుకొని తలూపాడు.

"పేక ఈ పూల వరసల్నే పేర్చి ఉంటది. రెక్కలెన్నో ముక్క అంత. రంగు, ఆకారం చూస్తే ఏ జాతో తెలుస్తది. కోసినచోట ఒక ముక్క ఓరగ చూసి, గుడ్డ మీద దాని పక్క పువ్వు చదివితే మనం తీసిన ముక్క దొరుకుతది. యాభై రెండు పూలు. సగం ఎరుపు, సగం నలుపు ఉండాలె. కానీ రెండు గుడ్డలల్ల గూడ పదిహేడో పువ్వు ఎరుపుకు బదులు నలుపు."

"ఇద్దరివీ ఒక్క తీరు ఉంటే దొంగెవరో ఎట్ల తెలుస్తది?" అన్నాడు మల్లేశం.

"వినాయక్, ఆఠీను ఏడు నీ పేకల ఎన్నో ముక్క?"

"పదిహేడోది. ఆ పువ్వు నేసేటప్పుడు ఎర్ర దారం తెగింది. ఇంట్ల ఎర్ర కండె లేదు. ఆగబుద్ధి గాలే, నల్లది కట్టి నేసిన. ఎట్లైనా నాకు యాదికుంటది గద అని."

మంగళ అతని గుడ్డ తిరగేసింది. పదిహేడో పువ్వు అడుగున గింజంత ముడి. ఒక కొస ఎరుపు, ఒక కొస నలుపు. "ఇదిగో తప్పు పుట్టిన చోటు. భరత్ గుడ్డల ముడి లేదు. తెగకుంటనే తప్పొచ్చింది. మన నేతగాళ్లకు శాంపిల్ ఇస్తే పోగు పోగు అట్లనే దించుతరు, ఎందుకని అడగరు. పువ్వు నల్లగుంటే ముక్క గూడ నల్లగుండాలె అనుకున్నడు భరత్. శ్రావణీ, భరత్ పేక పరుచు."

శ్రావణి ఒక్కొక్కటే పరిచింది. ఇస్పేటు ఏడు. మళ్లీ ఇస్పేటు ఏడు. ఎర్రగా ఉండాల్సిన ఆఠీను ఏడు లేనే లేదు.

భరత్ కాలు ఆగిపోయింది. "అదే ఆటల మర్మం అనుకున్న," అన్నాడు గొణుగుతూ. "నాలుగు దినాలు గుడ్డ ముందల కూసున్న వినాయక్. నా తోటి ఒక్క మాట చెప్పకపోతివి, నేను పరాయోన్నా?"

"చెప్దామనే ఉంటి. ఆట పాస్ అయినాక," అన్నాడు వినాయక్. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు.

మల్లేశం దొంగ పేరు వేరే చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఇంటి ఆటకు వినాయక్ పేరు రాస్తున్న. ముత్యం లెక్కుంది. స్టేజీకి మాత్రం చిన్న ముక్కలు అందవు కొడుకా, వెనక వరసోళ్లకు ఏం కనబడతది? ఆ పెద్ద ముక్కల ఆలోచన ఒక్కటి భరత్‌ది."

భరత్ పెద్ద పేకను బల్ల మీద మెల్లగా అటు తోశాడు. "తీస్కో. ఇగ నాకెందుకు."

వినాయక్ దాన్ని వేలితో కూడా ముట్టలేదు. "స్టేజీ గడి ఖాళీగ ఉంచు మామా. వచ్చే ఏడాది నా సొంత ఉపాయం తోటి వస్త."

మల్లేశం మొదటి గడిలో పేరు రాసి, రెండోది అట్లాగే వదిలి సంతకం పెట్టాడు. శ్రావణికి ఆ రోజు మొదటిసారి గంట చూడబుద్ధి కాలేదు.

అంతే బిడ్డా. దీన్ని మనసులో పెట్టుకో, నీ పిల్లలకు కూడా చెప్పు. చెప్పేటప్పుడు తొందరలో పేర్లు తారుమారు చేసేవు సుమా. ఆట కట్టింది వినాయక్, ఆ మాట మాత్రం మరిచిపోకుండా చెప్పు.