ఎస్-సెవెన్ డిస్క్ ఇమేజ్

ఏజెంట్ ప్రదీప్‌ను శ్రీరంగాపూర్ రోడ్డు మీద లారీతో తొక్కించి చంపారు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడున్నరకు అతని అక్క, ఏజెంట్ అమూల్య, గద్వాల్‌లో ఒక మగ్గాల ఇంటి మేడ మీద లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. పైకి చీరల వ్యాపారి వేషం. లోపల మాత్రం ఒకటే పంతం, తమ్ముణ్ణి చంపినవాళ్లను వదలకూడదు.

చావుకు ముందు రోజు ప్రదీప్ నూలు కండెలో దాచి ఒక పెన్‌డ్రైవ్ పంపాడు. వనపర్తి లాడ్జిలో అతను దొంగతనంగా కాపీ చేసిన కంప్యూటర్ మొత్తం అందులో ఒకే ఫైలుగా, బూటబుల్ డిస్క్ ఇమేజ్‌గా ఉంది. అది విదేశీ ముఠా మనిషి ఎస్-సెవెన్ కంప్యూటర్. ఆ ఎస్-సెవెన్ ఎవరో ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

ఫోన్‌లో చీఫ్ రాఘవేంద్ర అన్నాడు, "నాలుగింటికి ముఠావాళ్లు ఏటి మీది డ్యామ్ గేట్లన్నీ ఒక్కసారే లేపుతరట. మానవపాడు దిక్కు ఊర్లు మునుగుతయి. ఆపాలంటే ఎస్-సెవెన్ కంప్యూటర్ నుంచే ఆర్డర్ పోవాలె."

లాప్‌టాప్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషిన్‌లో ఇమేజ్ బూట్ అయింది. అవుతూనే మొరాయించింది. డిస్క్ నిండిపోయిందట. పెన్‌డ్రైవ్‌లో పట్టించడానికి ప్రదీప్ దాన్ని కుదించాడు పాపం, అందులో పిసరంత ఖాళీ లేదు.

పక్కన సుష్మ కూర్చుంది. ముఠాను వదిలి మన వైపు వచ్చానని చెప్పుకునే అందగత్తె. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, గది నిండా సెంటు వాసన.

"పాత చాట్లు తీసెయ్ అమూల్యా. జాగ దొరుకుతది."

"తీసేది లేదక్కా. డిస్కే పెంచుత."

ఇమేజ్‌కు ఇరవై జీబీ కలిపి మళ్లీ బూట్ చేసింది. మళ్లీ అదే పాట.

"చెప్పిన కదా," సుష్మ నవ్వింది.

అమూల్య కిటికీలోంచి కిందికి చూసింది. మగ్గం దగ్గర పాత పడుగు కొసలకు కొత్త పడుగును పోగుపోగుకూ అతుకుతున్నారు. కొత్త నూలు తెచ్చి పక్కన పెడితే సరిపోతుందా, అతకాలి కదా. తను పెంచింది బయటి ఫైలునే. లోపల ఫైళ్లకు హద్దు గీసే పార్టిషన్ పాత కొలతలోనే ఉండిపోయింది. గబగబా పార్టిషన్‌ను కొత్త జాగా దాకా జరిపింది, ఫైల్ సిస్టమ్‌నూ పెంచింది. మూడు యాభై ఆరుకు బూట్ చేసింది.

ఈసారి నెట్ తగిలి, కాపీ తీశాక నడిచినవాటితో సహా చాట్లన్నీ తెరుచుకున్నాయి. తొమ్మిది రోజుల కిందట ఎస్-సెవెన్ పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి నొక్కింది.

"పోరడు శ్రీరంగాపూర్ దాటిండు. లారీ తోలుండ్రి."

అది సుష్మ గొంతు.

సుష్మ హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ లాగి నొక్కింది. టిక్కుమంది, అంతే.

"తూటాలు పొద్దున్నే తీసిన," అంది అమూల్య. "కొత్తగ వచ్చినోళ్ల సంచులు చూసుడు నాకు అలవాటు."

అక్కడికక్కడే పీక నులిమేయాలనిపించింది. కానీ టైం లేదు. ఎస్-సెవెన్ లాగిన్ తెరిచే ఉంది. దాంట్లోంచే కొట్టింది: 'ఆపరేషన్ రద్దు.' ఆగి, కసితీరా ఇంకో వాక్యం కొట్టింది: 'నేను ఇండియా మనిషిని. మీరంతా దొరికిపోయారు. ఇట్లు, సుష్మ.'

మూడు యాభై తొమ్మిదికి రాఘవేంద్ర చెప్పాడు, "గేట్లు కదలలే."

స్క్రీన్ చదివి సుష్మ చేతులు జోడించింది. "వాళ్లు నన్ను బతకనియ్యరు. జర నన్ను జైల్ల వెయ్యి."

ఆమె ఫోన్ మోగింది. విదేశీ నంబరు.

"వేస్త," అంది అమూల్య. "ముందు ఫోన్ ఎత్తక్కా. పాపం, ఆగమైతున్నరు."