తాడు పట్టుకుని ఆగిన చిన్ని

పడవ అంచున కూర్చుని చిన్ని కళ్లకున్న మాస్కు సరిచేసుకుంటోంది. వీపున గాలి సిలిండరు బండరాయిలా బరువుగా ఉంది. పక్కనే మామయ్య కూడా అదే వేషంలో ఉన్నాడు. రబ్బరు సూటు పొట్ట దగ్గర బిగుసుకుపోయి, ఆయన కదిలినప్పుడల్లా కీచుమంటోంది.

"పైకీ కిందకీ పోవడం నాకు కొత్తేం కాదులే," అన్నాడు మామయ్య. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. "కాకపోతే మా లిఫ్టుల్లో చేపలుండవు."

అమ్మ నవ్వింది. అమ్మకి ఈత రాదు. పడవలోనే ఉంటానంది.

సముద్రపు తాబేలును దగ్గరగా చూడాలని మామయ్యకు చిన్నప్పటి నుంచీ కోరిక. సెలవు దొరక్క ఎప్పటికప్పుడు వాయిదా పడుతూ వచ్చింది. చివరికి ఈ ఏడాది చిన్నిని, అమ్మని వెంటబెట్టుకుని ఈ వెచ్చని సముద్రానికి వచ్చాడు. ముందు మూడు రోజులు ఆయనా చిన్నీ ఈత కొలనులో డైవింగ్ నేర్చుకున్నారు. ఇవాళే మొదటిసారి సముద్రంలో దిగడం.

"చిన్నీ, సైగలు ఇంకోసారి చూపించు," అంది డైవింగ్ నేర్పే అక్క.

చిన్ని బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టింది. "అంతా బాగుంది."

అరచెయ్యి చాచి అటూ ఇటూ ఊపింది. "ఏదో తేడాగా ఉంది."

బొటనవేలు పైకెత్తింది. "పైకి పోదాం."

"మరి చెవులు బిగుసుకుంటే?"

"ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి. అప్పటికీ తెరుచుకోకపోతే కిందకి దిగకూడదు. మీకు చెప్పాలి."

అన్నీ సరిగ్గానే చెప్పింది. చెప్పడంలో చిన్నికి ఏ లోటూ లేదు. కాని తన కష్టం పైకి చెప్పుకోవడం ఒక్కటే ఆ పిల్లకి చేతకాదు.

అమ్మ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ నుంచి కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వస్తుంది. అలాంటి అమ్మను ఇంకా ఇబ్బంది పెట్టకూడదని చిన్ని ఎప్పుడో అనుకుంది. ఆకలేస్తోందా అంటే పర్వాలేదు. జ్వరంగా ఉందా అంటే పర్వాలేదు. పోయినేడు బూట్లు బిగుతైపోతే కాలిగోరు నల్లబడేదాకా అలాగే వేసుకుని స్కూలుకు వెళ్లింది. "చిన్నితో ఏ పేచీ ఉండదు," అని ఇంటికి వచ్చిన వాళ్లంతా మెచ్చుకునేవారు. మామయ్య మాత్రం "ఏమ్మా పర్వాలేదమ్మా" అని ఏడిపించేవాడు.

అక్క, మామయ్య, చిన్ని నీళ్లలోకి దిగారు. లంగరు తాడు పట్టుకుని మెల్లగా కిందకి జారుతున్నారు. పసుపు చారల చేపలు గుంపుగా వచ్చి, వీళ్లను ఓసారి చూసి, పనున్నట్టు వెళ్లిపోయాయి.

కొంచెం దిగాక చిన్ని కుడి చెవి బిగుసుకుంది. ముక్కు మూసుకుని ఊదింది. ఎడమ చెవి పట్‌మని తెరుచుకుంది. కుడి చెవి తెరుచుకోలేదు.

అక్క ఆగి చిన్ని వైపు చూసింది. వేళ్లతో సున్నా చుట్టి, బాగున్నావా అని అడిగింది.

చిన్ని మామయ్యను చూసింది. ఆయన అప్పుడే తల తిప్పుకుంటూ నలుమూలలా వెతుకుతున్నాడు. 'నేను ఆగితే అందరూ ఆగాలి' అనుకుంది.

తనూ సున్నా చుట్టింది.

ఇంకొంచెం దిగారు. చెవిలో ఎవరో వేలుపెట్టి నొక్కుతున్నట్టుంది. అక్క మళ్లీ అడిగింది. చిన్ని మళ్లీ సున్నా చుట్టింది.

అడుగున ఇసుక కనబడుతుండగా అక్క చెయ్యి చాచి దూరంగా చూపించింది. నీలంలోంచి వెడల్పాటి నీడ ఒకటి వీళ్ల వైపే వస్తోంది. మామయ్య రెండు చేతులూ ఆనందంగా ఊపాడు.

సరిగ్గా అప్పుడే చిన్ని చెవిలో సూది దించినట్టయింది. చేత్తో చెవి పట్టుకుని ముడుచుకుపోయింది. మాస్కు లోపల కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

అక్క ఒక్క తన్నుతో దగ్గరికొచ్చి ఆ కళ్లు చూసింది. చిన్నిని గట్టిగా పట్టుకుని, మామయ్యకు బొటనవేలు పైకెత్తి చూపించింది. మామయ్య ఒక్కసారి వెనక్కి చూశాడు. ఆ నీడ ఇంకా తాబేలుగా మారలేదు. ఆయన మారుమాట లేకుండా వాళ్లతోపాటు పైకి వచ్చేశాడు.

పడవ ఎక్కేసరికి చిన్ని ముక్కులోంచి సన్నగా రక్తం కారుతోంది. అమ్మ ముఖం పాలిపోయింది.

ఒడ్డున ఉన్న చిన్న క్లినిక్‌లో డాక్టరు చెవిలోకి లైటు వేసి చూశాడు. "కర్ణభేరి బాగా ఎర్రబడింది. చిరగలేదు, అదృష్టం. కొన్నాళ్లు నీళ్లలో దిగకూడదు," అన్నాడు.

బయట బెంచీ మీద చిన్ని తల వంచుకుని కూర్చుంది. అక్క పక్కన కూర్చుని అడిగింది. "నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"మొదట్లోనే."

"మరి బాగుందని చూపించావేం?"

చిన్ని తల ఇంకా కిందకి దించుకుంది.

"నీళ్లలో నాకు నీ చెవి కనబడదమ్మా. నీ చెయ్యే కనబడుతుంది. అదేం చెబితే నేను అదే నమ్ముతాను," అంది అక్క. కోప్పడలేదు. అది చిన్నికి ఇంకా కష్టంగా అనిపించింది.

"మామయ్యా, నా వల్లే నీకు తాబేలు కనబడలేదు."

"అది నూరేళ్లు బతుకుతుందట. మనకోసం నాలుగు రోజులు ఆగలేదా?" అన్నాడు మామయ్య.

అమ్మ మాత్రం నవ్వలేదు. చిన్ని జుట్టులోని ఉప్పునీళ్లు తుడుస్తూ నెమ్మదిగా అంది. "రోజంతా ఎంతమందినో ఎక్కడ నొప్పి అని అడుగుతుంటాను. నా కూతురికి నొప్పేస్తే నాకే తెలియలేదు. నువ్వు చెప్పకపోతే నేనెవర్ని అడగాలే?"

చిన్ని అమ్మ ఒళ్లో ముఖం దాచుకుంది.

సెలవు ముగిసే ముందు డాక్టరు మళ్లీ చూసి సరేనన్నాడు. ఈసారి అక్క ఇంకో డైవరును కూడా తోడు తెచ్చింది. అంతా అదే తాడు పట్టుకుని దిగారు. చిన్ని అడుగడుక్కీ ఆగి ముక్కు మూసుకుని ఊదింది. చెవులు రెండుసార్లు చక్కగా తెరుచుకున్నాయి.

మూడోసారి కుడి చెవి మొరాయించింది.

చిన్ని కిందకి చూసింది. అడుగున పచ్చటి గడ్డిలో తాబేలు తాపీగా మేస్తోంది. అది గడ్డి లాగినప్పుడల్లా ఇసుక పొగలా లేస్తోంది. ఇంకొంచెం దిగితే చాలు, దాని ముందే కూర్చోవచ్చు. నొప్పి ఇంకా మొదలవలేదు, బిగుతే. ఓర్చుకోవచ్చేమో.

అక్క వేళ్లతో సున్నా చుట్టి అడిగింది.

చిన్ని వేళ్లు సున్నా చుట్టబోయి ఆగాయి. తర్వాత అరచెయ్యి చాచి అటూ ఇటూ ఊపింది. వేలితో చెవి చూపించింది.

అక్క వెంటనే చిన్నిని కొంచెం పైకి తీసుకొచ్చింది. బిగుతు తగ్గింది. మళ్లీ దిగబోతే చెవి మళ్లీ మొరాయించింది. 'ఇక్కడే ఉందామా?' అని అక్క సైగ చేసింది. చిన్ని తల ఊపి తాడు గట్టిగా పట్టుకుంది.

కింద మామయ్య ఆగిపోయి పైకి చూస్తున్నాడు. అక్క ఆయన్ను వెళ్లమన్నట్టు చెయ్యి ఊపింది. చిన్ని కూడా ఊపింది. ఆయన రెండో డైవరుతో దిగి, తాబేలుకు కాస్త ఎడంగా ఇసుకలో మోకాళ్ల మీద నిలబడ్డాడు. పైనుంచి చూస్తే పెద్ద తాబేలు పక్కన మామయ్య చిన్న పిల్లాడిలా ఉన్నాడు.

చాలాసేపటికి తాబేలు మేత ఆపింది. గాలి పీల్చుకోవాలి కాబోలు, పొడవాటి ముందు రెక్కలు చాపి పైకి లేచింది. తాడుకు కాస్త దూరంగా, చిన్ని ఉన్న ఎత్తు దాటి పోయింది. దాని ముడతల మెడ, నల్లటి కన్ను, లేత పసుపు పొట్ట వరుసగా కనబడ్డాయి. పైన వెండిలా మెరుస్తున్న నీళ్లలోంచి తల బయటపెట్టి, ఊపిరి తీసుకుని, మళ్లీ నీలంలోకి జారిపోయింది. అంతసేపూ చిన్ని రెప్ప వాల్చలేదు.

పడవలో మామయ్య నోరు ఒక్క క్షణం ఊరుకోలేదు. "గడ్డి నమలడం వినబడిందే. కరకరమని," అంటున్నాడు. అమ్మ నవ్వుతూ వింటోంది. అక్క సిలిండర్లు సర్దుతోంది. గాలి చల్లగా వీస్తోంది. చిన్ని తడి సూటులో మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఎవరూ తన వైపు చూడటం లేదు.

"అమ్మా," అంది చిన్ని. "నాకు చలేస్తోంది."

అమ్మ చటుక్కున తిరిగింది. ఒక్క క్షణం కూతురి ముఖంలోకి చూసింది. తర్వాత పెద్ద తువ్వాలు తీసి చిన్ని చుట్టూ కప్పి, దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టుకుంది.